అందరూ ముందు దండె పట్టినవాళ్ళే

ఆ ఆదివారం సూర్యకాంతం పెట్టుకున్న పనులు రెండే. డాబా మీద మినప వడియాలు పెట్టడం, అవి ఎండేలోగా భజన సమాజం చరిత్రలో ఆఖరి పేజీకి సాఫు ప్రతి రాసేయడం. మధ్యాహ్నం కాస్త కునుకు తీయొచ్చని కూడా ఆశపడింది.

నీలాటిపేటలో సీతారామ భజన సమాజం పెట్టి 1968 శ్రీరామనవమికి యాభై ఏళ్ళు. చరిత్ర పుస్తకం అచ్చేయించి సభ్యులందరికీ ఇంటింటికీ పంచాలని సంఘం తీర్మానించింది. ఆడపిల్లల బడిలో పంతులమ్మ, దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, పైగా పైసా అడగదు. అందుకని ఆ పని కాంతానికి అంటగట్టారు. ఆవిడ ఒప్పుకున్న కారణం వేరు. సమాజం పెట్టిన ఏడాది ఊళ్ళో మగాళ్ళంతా రంగూను మిల్లుల్లో ఉన్నారు. నవమికి వాళ్ళను తేవాల్సిన ఓడ రాలేదు. పల్లకి దండెలు భుజాలకెత్తుకునే దిక్కు లేకపోతే కాంతం మామ్మ దాలమ్మ కొంగు బిగించి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళను కూడేసుకుని, సీతారాముల్ని ఊరంతా తిప్పింది. బతికున్నన్నాళ్ళూ దాలమ్మ ఆ మాట చెబుతూనే ఉంది, జనం నవ్వుతూనే ఉన్నారు. ఆ మాట అచ్చులో పడాలి. కాంతానికి కావలసింది అదొక్కటే.

వడియాల పిండి చేతికి ఉండగానే సమాజం ప్రెసిడెంటు నగరేశ్వరరావు మెట్లెక్కి వచ్చాడు. బజార్లో పెద్ద కిరాణా కొట్టు ఆయనది. చేతిలో ఆవిడ రాసిచ్చిన కాగితాలున్నాయి.

"ఏటి కాంతమ్మా, ఆడోళ్ళు పల్లకి మోసీనారని రాసీసినావు! పై ఊరోళ్ళు సదివితే ఏటనుకుంతారు?"

"మోసీనారు కాబట్టి రాసాను బాబూ."

"మరి మగోళ్ళేటి సేస్తన్నట్టు?"

"రంగూన్లో బియ్యం బస్తాలు మోస్తన్నారు. మీ తాతయితే ఆ బస్తాల పక్కన కుర్చీయేసుకుని కూకున్నాడు."

నగరేశ్వరరావు ముఖం కందగడ్డయింది. "అది కొట్టీ. ముందు దండె మా తాత పట్టీనాడని రాయి. నీవల్ల కాకపోతే గరివిడిలో మా అల్లుడున్నాడు, ఆడు రాస్తాడు. కావాలంతే ఎనక దండె మీ మామ్మకిచ్చీ. ఎనక్కెవుడు సూస్తాడు?"

కాంతానికి ఒళ్ళు మండిపోయింది. పిండి చేత్తోనే కాగితాలు లాక్కుని విసిరికొట్టేదే. కానీ ఆ అల్లుడు కలం పడితే దాలమ్మకు వెనక దండె కూడా దక్కదు. పళ్ళు బిగబట్టి ఆలోచించింది.

"సరే. ఎనక దండె ఆడోళ్ళదని రాస్తాను, దాన్ని ఎవులూ ముట్టకూడదు. ముందు దండె గురించి ఎవులొచ్చి ఏటి సెప్తే అదే రాస్తాను, ఒక్క ముక్క తగ్గించను. మీరూ తగ్గించమనకూడదు. ఒప్పుకుంతారా?"

"ఓస్, అంతేనా!" అని ఆయన మెట్లు దిగిపోయాడు.

దిగినవాడు తిన్నగా కొట్టుకు పోయి, తాతగారి ఘనకార్యం అచ్చవుతోందని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. కాసేపటికే పైడిరాజు పొలం నుంచి ఉన్నపళంగా ఊడిపడ్డాడు, కాళ్ళకు బురదతో సహా.

"ఆ కొట్టోడి తాత ముందు దండె పడితే మా తాతేటి, గొర్రెలు కాసీనాడా? మా తాత కూడా ముందే! రాసీ కాంతమ్మా."

"రాస్తన్నాను బావా. కుడి పక్కా, ఎడం పక్కా?"

"కుడి పక్కే! మాకు ఎడం పక్కేటి కర్మ?"

ఆ వెనకే గంగరాజు, అతని వెనక జగన్నాధం. ఒకరి తాత పట్టాడంటే ఇంకొకరి తాత అంతకంటే ముందు పట్టాడు. కాంతం తల ఎత్తకుండా రాసుకుపోయింది. ముందు దండె పొడుగు ఊరి పొలిమేర దాటింది. మెట్ల కిందా మీదా జనమే. ఆ హడావిడిలో ఎవరూ చూడని వడియాలను కాకులు శుభ్రంగా ఆరగించాయి. కునుకు సంగతి సరేసరి.

నవమినాడు కల్యాణం కాగానే పుస్తకాలు పంచారు. ఎవరికి వాళ్ళు తమ తాత ఉన్న పేజీ చూసుకుని మురిసి, మిగతా పేజీల జోలికి పోలేదు. ఆచార్యులవారు ఉత్సవ విగ్రహాల్ని పల్లకిలో వేంచేపు చేసి, "లేపండి నాయనా" అన్నారు.

మగవాళ్ళంతా ఒక్కసారిగా ముందు దండె మీద పడ్డారు.

"ఇది మా తాత సోటు! అచ్చులో ఉన్నాది సూడు!"

"నీ అచ్చు నీకేనా? నాకూ ఉన్నాది!"

"ఎనక్కెవులైనా ఎల్లండర్రా! దేవుడు జారిపోతన్నాడు!" అని నగరేశ్వరరావు అరిచాడు. ఆయన మాత్రం ముందు దండె వదల్లేదు.

"ఎనకది ఆడోళ్ళదని మీరేకదా అచ్చేయించీనారు. నేనెల్లి పట్టుకుంతే రేపు మా బావమరుదులు నన్ను బతకనిస్తారా?" అన్నాడు గంగరాజు.

కాంతం కొంగు బిగించి పక్కనున్న ఆడవాళ్ళను పిలిచింది. "కూర్మమ్మా, రా. ఒసే బుల్లమ్మా, నువ్వూ రాయే. మన సోటు ఖాళీగానే ఉన్నాది." ఇంకా ఇద్దరు ముగ్గురు కలిశారు. వెనక దండె లేచింది. దాలమ్మ కూడా ఇలాగే లేపి ఉంటుందని కాంతానికి తోచింది. బరువు భుజం మీద పడింది, ఆవిడ నవ్వింది.

ఊరేగింపు షావుకార్ల సందు దాకా బాగానే నడిచింది. సందులోకి దూరబోయేసరికి ముందున్న మంద రెండు గోడల మధ్యా బిగుసుకుపోయింది. ముందుకు రాదు, పక్కకు పోదు. ఒకడు తప్పుకుంటే దారి దొరికేదే. కానీ తాత సాక్షిగా ఒక్కడూ దండె వదలడు. పల్లకి తిప్పుదామంటే అంత చోటు లేదు.

"ఎనక్కి లాగండమ్మా!" అని ఆచార్యులవారు ఆడవాళ్ళను బతిమాలారు.

ఆడవాళ్ళు వెనుదిరిగి భుజం మార్చుకుని నడక సాగించారు. వెనక దండె ముందైంది, ముందు దండె తోకైంది. బజారు మీదుగా, రైతుల వీధి మీదుగా ఊరంతా అలాగే తిరిగారు. ముందు కాంతం, కూర్మమ్మ, బుల్లమ్మ. వెనక ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ మనవలు. సీతారాములు దారి పొడుగునా ఆ మనవల ముఖాలే చూస్తూ వెళ్ళారు. అరుగుల మీది ముసలమ్మలు మాత్రం లేచి నిలబడి, "దాలమ్మ మనవరాలే!" అని చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్నే కాంతం గుమ్మంలో మళ్ళీ జనం. అందరికంటే ముందు నగరేశ్వరరావే నిలబడ్డాడు.

"కాంతమ్మా, రెండోసారి అచ్చేయిద్దుము. ఊరంతా ఆడోళ్ళనే మెచ్చుకుంతన్నారు. మా మామ్మ కూడా ఆరోజు పల్లకి మోసీనాదని రాసీ."

కాంతం లేచి నిలబడింది. "తాతలందర్నీ కొట్టీస్తాను. ముందూ ఎనకా మొత్తం దాలమ్మా ఆ ఆడోళ్ళే మోసీనారని రాస్తాను. ఒప్పుకుంతే ఉండండి, లేకపోతే గరివిడి ఎల్లండి. మీ మామ్మ సంగతంతారా, ఆడోళ్ళు దేవుణ్ణి మోస్తే అరిష్టమనీసి ఆరోజు తలుపేసీసుకుంది. మా మామ్మ సెప్పింది. కావాలంతే అదే రాస్తాను."

ఆయన కండువా సర్దుకున్నాడు. "పేరైతే అచ్చులో పడతాది కదా?"

రెండో ముద్రణలో ఆయన మామ్మ పేరు పడింది, తలుపుతో సహా.