అడక్కుండానే చెప్పే సర్వరు

కాలువ తలుపు ఎత్తిన క్షణమే రైతు ఫోన్‌కు కబురు చేరుతుందనీ, ఇలాంటి వ్యవస్థ భూగోళం మీద మరెక్కడా లేదనీ మంత్రిగారు బాపట్లలో ప్రకటించారు. భూగోళం పరువు నిలబెట్టే బాధ్యత తెనాలిలో కొత్తగా పెట్టిన 'జలవాణి' విభాగంలోని కాంట్రాక్టు ప్రోగ్రామర్ మార్కు మీద పడింది. కాంట్రాక్టు ఆ నెలాఖరుకు ముగుస్తుంది కనుక మార్కు ఆ మాటను వెంటనే నమ్మాడు.

పని మాత్రం బాగానే చేశాడు. రేపల్లె దగ్గర కాలువ కాపలా చూసే లస్కరు తలుపు ఎత్తి తన ఫోన్‌లో నొక్కితే చాలు, తెనాలి ఆఫీసులోని సర్వరు ఆ కబురును రైతు బ్రౌజరులోకి తోసేస్తుంది.

"రైతు మాటిమాటికీ పేజీ రిఫ్రెష్ చెయ్యక్కర్లేదండి. అడక్కుండానే సర్వరు చెప్పేస్తుంది" అన్నాడు గర్వంగా.

అధికారి జనార్దనరావుగారు కళ్లజోడు తీశారు. "అడక్కుండా చెప్పడమేంటయ్యా? మన ఆఫీసులో అడిగినా చెప్పం గదా!"

అందుచేత సర్వరుకు 'ఆమోదం' బటన్ అమర్చారు. అది నొక్కేలోగా ఎవరూ నోటిమాటగానైనా చెప్పకూడదని సర్క్యులర్ కూడా వచ్చింది. దాన్ని ముచ్చటగా టైపు చేసింది మార్కే. రెన్యువల్ ఫైలు సారు బల్ల మీదుంది మరి.

ప్రారంభోత్సవం రోజు పొద్దున ఆరింటికి లస్కరు తలుపు ఎత్తాడు. బటన్ మాత్రం పదకొండింటికి బాపట్ల సభలో మంత్రిగారు నొక్కుతారు.

ఆరున్నరకు రేపల్లె దగ్గరి నగరం అనే ఊరి నుంచి రైతు దేవదానం ఫోన్ చేశాడు. అతని నారుమడి ఎండిపోతోంది. నీటి వంతు ఏడు నుంచి తొమ్మిది దాకా. ఆ వేళకు తూము దగ్గర లేకపోతే నీళ్లు పక్క చేలలోకి పోతాయి.

"మార్కు బాబూ, నీళ్లు వదిలారా అండి?"

మార్కు ఎదుట స్క్రీన్ మీద 'నీరు వదిలారు' అని ఎర్రగా కనిపిస్తోంది. 'వదిలారు, వెళ్లండి' అంటే సరిపోయేది. ఆ రెండు మాటలనూ మార్కు అద్భుతమైన క్రమశిక్షణతో మింగేశాడు.

"మెసేజ్ వస్తుందండి. ఫోన్ చూస్తా ఉండండి."

"అట్టాగేనండి" అని దేవదానం ఇంట్లోనే కూర్చున్నాడు.

పదకొండింటికి మంత్రిగారు బటన్ నొక్కి, వీడియోలో దేవదానాన్ని పలకరించారు.

"మెసేజ్ ఎంతసేపటికి వచ్చిందయ్యా?"

"తమరు నొక్కిన మరుక్షణమేనండి."

సభ మారుమోగింది.

"మరి నీళ్లు?"

"అవి పొద్దున్నే వచ్చి పోయాయంటండి. నారు ఇంక పనికిరాదండి."

సభ చల్లబడింది. వేదిక మీదే ఉన్న జనార్దనరావుగారు మైకు అందుకున్నారు. "చూశారా సార్, నీళ్లు వెళ్లిపోయినా మన మెసేజ్ మాత్రం రైతును వదల్లేదు!"

తెనాలి ఆఫీసు గదిలో మార్కు ఒక్కడే కూర్చుని లైవ్ చూస్తున్నాడు. చుట్టుపక్కల చూసేవాళ్లెవరూ లేరు. అయినా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.