బిడ్డ తప్పు, సరిచేయండి

ఆ ఉదయం ప్రూఫ్ రీడరు వేసుకున్న ప్రణాళిక చిన్నదే. ప్రసూతి సెలవు ముగిసి భార్య ఆఫీసుకు వెళ్తుంది. అతను ఇంట్లోనే అచ్చు కాగితాలు దిద్దుకుంటూ పాపను చూసుకుంటాడు. "మీ వల్ల కాకపోతే ఈరోజే రాజీనామా ఇచ్చేస్తా," అని ఆమె గుమ్మంలోనే చెప్పింది. ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం. అందుకే అతను, ఏడుపు విని కారణం చెప్పే యాప్ ఒకటి ఫోనులో పెట్టుకున్నాడు. భార్యనూ అత్తగారినీ కూడా అందులో చేర్చాడు, వాళ్ళకూ ధైర్యంగా ఉంటుందని.

పాప కేర్‌మంది. యాప్ కాసేపు విని తెలుగులో సెలవిచ్చింది: "బిడ్డను మార్చండి."

మార్చాల్సింది పాప కింది గుడ్డని అతనికి అర్థమైంది. మార్చాడు. పాప ఊరుకుంది. అతని వృత్తి ఊరుకోలేదు. తెర అడుగున కనిపించిన గడిలో, యాప్ వాళ్ళకని తన ధోరణిలో రాసి పంపాడు: "బిడ్డ తప్పు. వెంటనే సరిచేయండి."

ఆ గడి యాప్ వాళ్ళది కాదు, కుటుంబ సభ్యులది.

అత్తగారు కాళ్ళకు చెప్పులైనా లేకుండా ఊడిపడ్డారు. "మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా! ఈ చెవులు మా వైపు ఎవరికున్నాయి?"

"అవి నావి, అత్తయ్యా."

"నీ చెవులు నీకే ఉన్నాయి కదయ్యా! ముందు ఆసుపత్రికి పద."

"అక్కడ ఉండాల్సింది గుడ్డండీ..."

"గుడ్డిదా! అయ్యో, అది కూడా దాచారా!"

భార్య అప్పటికే ఆసుపత్రికి ఫోన్ చేసి బావురుమంది. ఆసుపత్రి వాళ్ళు హడలిపోయి, పాప పుట్టిన రోజే అక్కడ పుట్టిన పిల్లలందరినీ రప్పించారు. వీళ్ళు వెళ్ళేసరికి ఆఫీసు నుంచి భార్య వచ్చేసింది, హాలంతా తల్లిదండ్రులు. ఒకరి పిల్లల ముక్కులు ఒకరు అనుమానంగా చూస్తున్నారు. కాలి ముద్రలు సరిపోల్చడానికి నర్సు పిల్లలందరినీ ఒకేలాంటి తెల్ల దుప్పట్లలో చుట్టి బల్లమీద వరసగా పడుకోబెట్టింది.

అప్పటికిగానీ అతనికి నోరు విప్పే సందు దొరకలేదు. "బిడ్డ అన్నచోట గుడ్డ అని ఉండాలి. అచ్చుతప్పు, అంతే!"

హాల్లో తిట్లు మొదలయ్యాయి. తిడుతూనే ఎవరి బిడ్డను వాళ్ళు లాక్కున్నారు.

"నేను వెళ్ళి రాజీనామా ఇచ్చేసి వస్తా," అంది భార్య. అతను తలవంచుకుని, అత్తగారి చేతుల్లో ఏడుస్తున్న మూటను బెంచీమీద పడుకోబెట్టి గుడ్డ విప్పాడు. కొయ్యబారిపోయాడు.

"అత్తయ్యా... బిడ్డ మారింది."

"మళ్ళీ మొదలెట్టావా, నాయనా!"

"మగపిల్లాడండీ!"

అంతలో గుమ్మం వైపు నుంచి సన్నని ఏడుపు వినిపించింది. అతను పరుగున వెళ్ళి, మెట్లు దిగబోతున్న ఒక తాతగారిని ఆపాడు. "అది మా పాప ఏడుపండీ. ఆకలేస్తోంది దానికి."

దుప్పటి విప్పి చూశారు. పాపే. బెంచీమీది పిల్లాణ్ణి తాతగారు ఎత్తుకున్నారు.

భార్య కళ్ళు తుడుచుకుంది. "ఇంటికెళ్ళి పాలు పట్టండి. నేను ఆఫీసుకెళ్తున్నా."

అత్తగారు మాత్రం పాపను అందుకుంటూ నర్సును రసీదు అడిగారు.