ఎలుగుబంటి కుక్కకు బీమా

ఒక పెద్ద అడవిలో, అంటే ఇప్పుడు మరీ అంత పెద్దదేం కాదు, పట్నం తినగా మిగిలింది, అందులో బొంతయ్య అనే ఎలుగుబంటి ఒక కుక్కను పెంచుకుంటూ ఉండేవాడు.

అడవిలో కుక్కేమిటని మీరు అడగకముందే చెప్పేస్తాను. ఆ అడవి అంచున తారురోడ్డు ఉంది. పట్నంలో ముద్దుగా కుక్కపిల్లను కొనుక్కున్నవాళ్లు, అది పెరిగి సోఫాలు కొరకడం మొదలుపెట్టగానే "షికారుకెళ్దామా బంగారం" అని కారెక్కించి, అక్కడిదాకా తెచ్చి, తలుపు తీసి దింపి, తలుపు వేసుకుని వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల మీద నాకు ఎంత కోపమంటే, ఈ కథలో వాళ్లకు ఇంతకుమించి చోటివ్వను.

అలా దిగిన కుక్కల్ని జంతువులు తలా ఒకటి తెచ్చుకున్నాయి. నెమలి నీలకంఠం గారు ఒక తెల్లటి బొచ్చుకుక్కను తెచ్చుకున్నారు. అది పక్కన నడిస్తే తన పింఛం రంగులు ఇంకా బాగా కనిపిస్తాయని ఆయన లెక్క. అడవిపంది కోరయ్య కూడా ఒకదాన్ని తెచ్చుకున్నాడు. ఎందుకో వాడికీ తెలీదు, నెమలి తెచ్చుకుంది కాబట్టి.

బొంతయ్య సంగతి వేరు. పాపం ఆయన్ని చూస్తేనే అందరూ పారిపోయేవాళ్లు. పలకరిద్దామని చెయ్యెత్తితే చాలు, ఎదుటివాళ్లు చెట్టెక్కేసేవాళ్లు. ఒక నల్లటి పొట్టి కుక్క మాత్రం పారిపోలేదు. తిన్నగా వచ్చి, ఆయన పొట్ట మీదకెక్కి, గుండ్రంగా తిరిగి పడుకుంది. అది లేచేదాకా బొంతయ్య కదల్లేదు. వీపు దురద పెట్టినా కదల్లేదు. దానికి మిరియం అని పేరు పెట్టుకున్నాడు.

ఆ అడవిలోనే వాలేశ్వరరావు అని ఒక కొండముచ్చు ఉండేవాడు. పెద్ద మాటకారి. తోక ఎంత పొడవంటే, ఆయన పైన కొమ్మ మీద కూర్చుని ఒకరితో మాట్లాడుతుంటే, తోక కింద ఇంకెవరితోనో మాట్లాడుతున్నట్టు ఊగుతుండేది. ఏ వ్యాపారమూ కలిసిరాలేదు. చేపలకు గొడుగులు అమ్మాడు. గబ్బిలాలకు తలగడలు అమ్మాడు. చివరికి కుక్కల బీమా కంపెనీ పెట్టాడు.

"బీమా అంటే ఏంట్రా?" అన్నాడు కోరయ్య.

"నువ్వు ప్రతి పున్నమికీ నాకు తేనో, పళ్లో, దుంపలో ఇస్తావు. నీ కుక్కకు ఏమైనా అయితే ఖర్చు నేను చూసుకుంటాను."

"ఏమీ కాకపోతే?"

"సంతోషిస్తాను."

"మరి నా దుంపలు?"

"అవి తింటూనే సంతోషిస్తాను."

ఒక్కరూ చేరలేదు. వాలేశ్వరరావు తోక చుట్టుకుని బాగా ఆలోచించాడు. బీమా అనే మాటను పక్కన పెట్టి బాధ్యత అనే మాటను ఎత్తుకున్నాడు. పొద్దున్నే వాగు దగ్గర కూర్చుని, నీళ్లకొచ్చినవాళ్లని వచ్చినట్టు పట్టుకున్నాడు.

"కోరయ్యా, నువ్వు బాధ్యత గల యజమానివేనా?"

"కాదని ఎవడన్నాడ్రా?"

"ఎవరూ అన్లేదు. అవునని కూడా ఎవరూ అన్లేదు. అదే నా బాధ."

కోరయ్యకు ఆ పూట నీళ్లు గొంతు దిగలేదు. పొద్దుగూకేలోగా దుంపలు మోసుకొచ్చి బీమా కట్టేశాడు. పంది బాధ్యత గలవాడైపోయాక నెమలి ఊరుకుంటుందా? నీలకంఠం గారు 'స్వర్ణ బాధ్యత' అనే ఖరీదైన రకం తీసుకున్నారు. మామూలుదానికీ దానికీ తేడా ఏమిటంటే, అందులో చివర వాలేశ్వరరావు వంగి నమస్కారం పెడతాడు.

బొంతయ్య ఒక్కడే తల గోక్కున్నాడు. "నాకు బాధ్యత ఉందిగా బాబూ. రోజూ దాని బొచ్చులో నెత్తురు తాగే గోమార్లు ఏరుతున్నాను. నేను తినకముందే దానికి పెడుతున్నాను. ఎండొస్తే నా నీడలో పడుకోబెడుతున్నాను."

"అది ప్రేమ మామా. ప్రేమ వేరు, బాధ్యత వేరు. ప్రేమకు రసీదుండదు."

బొంతయ్య మళ్లీ తల గోక్కున్నాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తనదే తప్పేమో అనుకునే రకం ఆయన.

మర్నాడు సభ పెట్టించాడు వాలేశ్వరరావు. ఆ అడవి రాజు ముసలి సింహం. సభలో ఎప్పుడూ నిద్రే. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు: రాజుగారు ఆవులిస్తే ఆమోదించినట్టు, గురక పెడితే ఏకగ్రీవం.

"మహారాజా!" అన్నాడు వాలేశ్వరరావు. "బీమా లేని కుక్క బాధ్యత లేని యజమాని చేతిలో ఉన్నట్టే. అలాంటి కుక్కల్ని వెంటనే తీసుకుని సంరక్షణ కేంద్రానికి అప్పగించాలని నా తీర్మానం."

"ఆ కేంద్రం ఎవరు చూస్తారండీ?" అని బొంతయ్య భయపడుతూ అడిగాడు.

వెనక వరసలో చిరుతపులి లేచి నిలబడింది. "సేవ చేసే భాగ్యం కలిగిస్తే..." అని నాలుకతో మూతి తుడుచుకుంది.

కుక్క కనిపిస్తే చిరుత వదలదని ఆ అడవిలో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. కానీ సభలో అందరికీ తెలిసిన విషయం మాట్లాడటం మర్యాద కాదు. రాజుగారు ఆవులించారు. అందరూ చప్పట్లు కొట్టారు. చిరుత అయితే వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్లతోనూ కొట్టింది.

బొంతయ్య పరుగెత్తుకెళ్లి తేనెపట్టు తెచ్చి వాలేశ్వరరావు ముందు పెట్టాడు.

ఆ కంపెనీకి కాగితాలూ గీగితాలూ లేవు. షరతులన్నీ ఒక చిలకకు బట్టీ పట్టించారు. బీమా అనే మాట గానీ, కాటు అనే మాట గానీ చెవిన పడితే చాలు, అది ఊపిరి తియ్యకుండా మొదలుపెట్టేది. ఈ చిలకంటే నాకు ఒళ్లు మంట. అర్థం కాకూడదనే గబగబా చదివేవాళ్లందరికీ అదే గురువు.

"కుక్కకాటుకు పూర్తిపరిహారం కంపెనీయేచెల్లించును మిగతావాటికిషరతులువర్తిస్తాయి వర్తించకపోవడానిక్కూడాషరతులువర్తిస్తాయి శుభం!" అంది చిలక.

బొంతయ్యకు మొదటి ముక్క ఒక్కటే వినబడింది. కుక్కకాటుకు పూర్తి పరిహారం. అంటే తన కుక్కను ఏది కరిచినా వీళ్లే చూసుకుంటారన్నమాట! హమ్మయ్య అనుకుని, మిరియాన్ని భుజాన వేసుకుని గంతులేస్తూ గుహకు వెళ్లాడు. ఎలుగుబంటి గంతులేస్తుంటే దారిలో ఉన్నవాళ్లంతా చెట్లెక్కారు.

కొన్నాళ్లకు ఒక ఎండపూట మిరియం రాళ్ల సందులో కాలు పెట్టి గెలికింది. లోపల ఒక ఉడుం పడుకుని ఉంది. కాలు పట్టుకుంది. ఉడుంపట్టు సంగతి మీకు వేరే చెప్పాలా? బొంతయ్య వచ్చి బతిమాలి, తిట్టి, చివరికి దాని పొట్టకు చక్కిలిగిలి పెట్టి విడిపించేసరికి మిరియం కాలు వాచి గుమ్మడికాయైంది.

ఎత్తుకుని కొంగ డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. కొంగ చెరువులో ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఏమైందని అడగలేదు.

"ఇన్సూరెన్స్ ఉందా?" అంది.

"ఉందండీ."

కొంగ రెండో కాలు కూడా కింద పెట్టింది. "అయితే ఫీజు రెండింతలు."

"లేకపోతే?"

"లేకపోతే నేను ఊళ్లో లేను."

బొంతయ్య మిరియాన్ని ఎత్తుకునే వాలేశ్వరరావు చెట్టు కిందకు వెళ్లాడు. చిలక అప్పుడు మేతకెళ్లింది. "బాబూ, నా కుక్కకు కాటు పడింది. పూర్తి పరిహారం ఇప్పించు."

"ఏం కరిచింది మామా?"

"ఉడుం."

"అయ్యయ్యో! ఉడుం కరిస్తే అది ఉడుంకాటు కదా. మనది కుక్కకాటు పాలసీ."

"కుక్కను కరిస్తే కుక్కకాటు కాదా?"

"మనిషిని పాము కరిస్తే ఏమంటారు? మనిషికాటంటారా? పాముకాటంటారా?"

"పాముకాటే అంటారు."

"చూశావా? తెలిసి కూడా నన్ను బాధపెడుతున్నావు."

తెలుగు ఎదురు తిరిగాక ఎవరేం చేస్తారు? బొంతయ్య పున్నమికి కట్టాలని దాచిన తేనెపట్టును తీసుకెళ్లి కొంగకు ఇచ్చేశాడు. కొంగ పసరు పూసి కట్టు కట్టింది. మిరియం ఆ సాయంత్రమే తోక ఊపింది. ఆ తోక చూసి బొంతయ్య, తేనె పోతే పోనీలే అనుకున్నాడు.

కానీ పున్నమి రానే వచ్చింది. కట్టడానికి తేనె లేదు. కట్టలేదు కనుక పాలసీ రద్దయింది. రద్దయింది కనుక బొంతయ్య బాధ్యత లేనివాడైపోయాడు. తెల్లారేసరికి వాలేశ్వరరావు, ఆయన భుజం మీద చిలక, వెనకాల చిరుత గుహ ముందుకొచ్చారు. తమాషా చూద్దామని సగం అడవి వెంట వచ్చింది. ఎవరికైనా దెబ్బ తగలకపోతుందా అని కొంగ కూడా వచ్చి ఒంటికాలి మీద నిలబడింది.

చిరుత చేతిలో ఒక ఆకు పొట్లం ఉంది.

"అదేమిటి?" అన్నాడు కోరయ్య.

"ఉప్పు. కుక్కకు దిష్టి తీద్దామని," అంది చిరుత.

బొంతయ్య మిరియాన్ని ఒళ్లో గట్టిగా పెట్టుకుని చేతులు జోడించాడు. "నా తేనెచెట్లన్నీ తీసుకోండి. ఈ గుహ తీసుకోండి. నేను అడవి వదిలి పొమ్మంటే పోతాను, దీన్ని తీసుకునే పోతాను. చిరుతమ్మకు మాత్రం ఇవ్వకండి." అంతటి శరీరమూ కదిలిపోయేలా ఏడ్చాడు. నాకు చూడబుద్ధి కాలేదు. చూసిన వాళ్లలోనూ కొందరు తల తిప్పుకున్నారు. నోరు మాత్రం ఎవరూ విప్పలేదు.

"మామా, నాకు మాత్రం బాధ లేదా?" అన్నాడు వాలేశ్వరరావు, గుహ ముందున్న చెట్టెక్కి కొమ్మ మీద సర్దుకుని కూర్చుంటూ. "కానీ బాధ్యత అన్నాక..." అంటూ ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఉపన్యాసం వేడెక్కినకొద్దీ ఆయన తోక కింద ఊగడం మొదలుపెట్టింది. ఇటు ఊగింది. అటు ఊగింది. సరిగ్గా మిరియం ముక్కు ముందు ఊగింది.

మిరియం పట్టుకుంది. ఉడుం దగ్గర ఏం నేర్చుకుందో గానీ, అలా ఇలా పట్టుకోలేదు.

"చచ్చాన్రోయ్!" అని వాలేశ్వరరావు కొమ్మ మీంచి దబ్బున కిందపడ్డాడు.

సరిగ్గా అప్పుడే తాబేలు సుబ్బత్తయ్య అక్కడికి చేరింది. ఆవిడ నిజానికి బయల్దేరింది కిందటి సభకు. "సభ మొదలైందా? ఏంటా కేకలు? ఏమన్నా కరిచిందా? పామా?"

"పాము కాదు అత్తయ్యా! కుక్కకాటు! కుక్కకాటు!" అని వాలేశ్వరరావు గొంతు చించుకున్నాడు.

కాటు అనే మాట చెవిన పడగానే చిలక అందుకుంది. "కుక్కకాటుకు పూర్తిపరిహారం కంపెనీయేచెల్లించును..."

అందరూ చిలక వైపు తిరిగారు. అప్పటిదాకా ఆ మాటను ఎవరూ విన్నట్టు లేరు.

వాలేశ్వరరావు తోకతో సహా కొంగ వైపు పాక్కుంటూ వెళ్లాడు. తోకతో పాటు మిరియం, మిరియంతో పాటు బొంతయ్య. "డాక్టరు గారూ, కట్టు కట్టండి!"

"ఇన్సూరెన్స్ ఉందా?"

"నాకెందుకుంటుంది? నేను అమ్మేవాణ్ని!"

"అయితే నేను ఊళ్లో లేను," అని కొంగ కళ్లు మూసుకుంది.

"ఉంది! ఉంది! ఈ కుక్క పాలసీయే ఉంది! కుక్కకాటుకు పూర్తి పరిహారం!"

"అది రద్దయిందన్నావుగా బాబూ," అన్నాడు బొంతయ్య, నిజంగానే అర్థం కాక.

"ఏ వెధవన్నాడు? నిక్షేపంలా ఉంది!"

చిరుత గొంతు సవరించుకుంది. "ఒక్క నిమిషం. పాలసీ ఉంటే మరి మన కేంద్రం సంగతి..."

"పాలసీ ఉంటే బొంతయ్య గారు బాధ్యత గలవారే కదా?" అన్నారు నీలకంఠం గారు.

వాలేశ్వరరావు చిరుత వంక చూశాడు. తోక వంక చూశాడు. మిరియం పట్టు కొంచెం బిగించింది.

"బాధ్యత గలవాడే! ఇంతటి బాధ్యత గలవాడు ముందు పుట్టలేదు, ఇక పుట్టడు! వదిలించండి బాబోయ్!"

దూరంగా గుహలోంచి రాజుగారి గురక వినబడింది. ఏకగ్రీవం.

బొంతయ్య మిరియం చెవి వెనక గోకగానే అది తోక వదిలేసింది. చిరుత ఉప్పు పొట్లం తన చుట్టూ తనే తిప్పుకుని, పారేసి, ఆకలితో వెళ్లిపోయింది. కొంగ కట్టు కట్టి, పాలసీ ఉంది కనుక రెండింతల ఫీజు వేసింది. వాలేశ్వరరావు తన తేనె తనే తెచ్చి, తన కంపెనీ తరఫున, తన తోక కోసం కట్టాడు.

కథ అక్కడితో ఆగితే ఆయన బతికిపోయేవాడు. మర్నాడు పొద్దున్నే కోరయ్య కుంటుకుంటూ వచ్చాడు.

"ఒరేయ్ వాలేశ్వరం, నా కుక్క నన్ను కరిచింది. నా దుంపలు నాకు పడెయ్."

"ఎక్కడ కరిచిందో చూపించు!"

కోరయ్య వెనక్కి తిరిగి చూపించాడు. వాలేశ్వరరావు మారు మాట్లాడకుండా దుంపలిచ్చాడు.

ఇంకేముంది! అడవంతా కుక్కల కాళ్లావేళ్లా పడటం మొదలైంది. "ఒక్కసారి కరువమ్మా, పైపైన చాలు," అని నీలకంఠం గారు తమ బొచ్చుకుక్క ముందు కాలు చాపుకుని కూర్చున్నారు. అది కాలు నాకి నిద్రపోయింది. కుక్కల్లేనివాళ్లంతా బొంతయ్య గుహ ముందు వరస కట్టారు. "మామా, మీ మిరియాన్ని కాస్త కరవమని చెప్పవూ?" అని కుందేళ్లు, జింకలు బతిమాలాయి. చివరికి సుబ్బత్తయ్య కూడా డిప్ప ముందుకు పెట్టింది.

మిరియం ఒక్కొక్కరినీ వాసన చూసి, తుమ్మి, వెళ్లి బొంతయ్య పొట్ట మీద పడుకుంది. ఎవరిని పడితే వాళ్లను కరిచే రకం కాదది. బొంతయ్య వచ్చినవాళ్లందరికీ కూర్చోమని చెప్పి, పళ్లు పెట్టి పంపించాడు.

వారం తిరక్కుండానే కంపెనీలో తేనె, దుంపలు, పళ్లు అన్నీ ఊడ్చుకుపోయాయి. వాలేశ్వరరావు కట్టు కట్టిన తోకను భుజాన వేసుకుని, చిలకను కూడా వదిలేసి, పక్క అడవికి వెళ్లిపోయాడు. అక్కడ ఎవరైనా "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే, ముందు "మీ ఇంట్లో కుక్క ఉందా?" అని అడిగి, లేదంటేనే జవాబు చెబుతాడట.

నీతి చెప్పకపోతే మీరు కదలరు కనుక చెబుతున్నాను: కుక్క ఉన్నచోట బీమా తప్పనిసరే, కాకపోతే చేయించుకోవలసింది పెంచేవాడు కాదు, అమ్మేవాడు.