‘లేదు’ అన్న మాట లేని హోటల్

ఆ రోజు పొద్దున్న మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా హోటల్‌కు చేరడం, కొత్త బోర్డు తగిలించడం, సాయంత్రానికి ఉద్యోగం ఖాయం చేయించుకోవడం. ఆరు నెలలుగా ఆయన ‘తాత్కాలిక’ మేనేజరు. ఆ ముందుమాట ఊడుతుందో, మనిషే ఊడతాడో తేల్చడానికి హెడ్డాఫీసు నుంచి ఇవాళ తనిఖీ అధికారిణి వస్తోంది.

ఆయన బూట్లు వేసుకుంటుండగా వంటింట్లోంచి భార్య కేకేసింది. "ఏవండీ, కాఫీపొడి నిండుకుంది. వచ్చేటప్పుడు చూడండి."

"నిండుకుంటే మళ్ళీ చూడ్డమెందుకు?" అని విసుక్కుంటూ ఆయన బండెక్కాడు. పాపం, ఊహ తెలిసినప్పటి నుంచి హాస్టళ్ళలో పెరిగిన మనిషి. పెళ్ళయి మూడు నెలలే అయింది. డబ్బా ఖాళీ అయితే ‘అయిపోయింది’ అనడానికి నోరు రాక ‘నిండుకుంది’ అనే ఇళ్ళున్నాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

హోటల్లో రిసెప్షన్ ఎదురుగోడకు బోర్డు ఎక్కింది. ‘ఈ హోటల్లో లేదు అన్న మాట లేదు.’ నాయకత్వం మీద మూడు రోజుల శిక్షణ ముగించుకుని ఆయన నిన్ననే వచ్చాడు. ఆ వేడి ఇంకా దిగలేదు.

"లేదు, కాదు, కుదరదు. ఈ మూడు మాటలూ ఇక ఎవరి నోటా వినపడకూడదు. అతిథులతోనే కాదు, నాతో కూడా!"

"కాదు అన్నారు సార్," అంది రిసెప్షనిస్టు.

ఆయన వినిపించుకోలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ వంటిల్లు ఏలుతున్న పెద్ద వంటావిడ మాత్రం చెయ్యెత్తింది. "మరి సరుకు లేకపోతే ఏం చెప్పమంటావు బాబూ?"

"మంచి మాటగా చెప్పాలమ్మా. మనసుంటే మాట దొరుకుతుంది."

"ఓస్, అదెంత పని! మా ఇంట్లో అనే మాటే అంటాం," అంది ఆవిడ. అందరూ తలలూపారు. ఇంత తేలిగ్గా దారికొస్తారని ఆయన అనుకోలేదు.

పదింటికి వంటింట్లోంచి ఫోను. "బాబూ, గ్యాసు నిండుకుంది."

"శభాష్!"

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర సిలిండర్ల బండి ఆగింది. మధ్యాహ్నం నలభై మంది పళ్ళ డాక్టర్లకు భోజనాలు పెట్టాలి. "మాకు నిండుగా ఉన్నాయి, రేపు రండి," అని మేనేజరు బండిని తిప్పి పంపేశాడు. పెద్ద వంటావిడ చెంగు దోపుకుని పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, ఆ బండి..."

"ఏమైందమ్మా?"

ఆవిడ బోర్డు వైపు చూసి మాట మార్చింది. "మంచి బండి బాబూ."

పావుగంటకు మోటారు చూసే మనిషి వచ్చాడు. "పైన ట్యాంకులో నీళ్ళు నిండుకున్నాయి సార్. ఇప్పుడే మోటారు వేశాను."

"నిండుకున్నాక మోటారు వేస్తావా? బుర్రుందా నీకు? ముందు ఆపు!"

"ఆపాలా సార్?"

"ఆపమంటుంటే!"

కాదనడానికి వాడు నోరు తెరిచాడు. కాదు అన్న మాట కూడా కూడదని గుర్తొచ్చి మూసుకున్నాడు. మోటారు ఆగింది.

అయిదు నిమిషాల్లో రిసెప్షన్ ఫోన్లన్నీ మోగాయి. ఆరో నిమిషంలో నూట నాలుగో గదిలోని పెద్దావిడ, తలంతా షాంపూ నురగతో, భుజాన తువ్వాలుతో మెట్లు దిగి వచ్చింది.

"నీళ్ళేవి?" అంది కళ్ళు చికిలిస్తూ.

"నిండుకున్నాయండీ," అంది రిసెప్షనిస్టు వినయంగా.

"నిండుకున్నాయని ముందే చెప్పొద్దూ?"

మేనేజరుకు ఒళ్ళు మండిపోయింది. "నిండుకుంటే కుళాయిలో ఎందుకు రావు? గ్యాసు నిండుకుంది, నీళ్ళు నిండుకున్నాయి, అన్నీ నిండుకుని ఏడిస్తే మీకొచ్చిన కష్టమేంటి?"

పెద్దావిడ నురగ తుడుచుకుని ఆయన ముఖంలోకి తేరిపార చూసింది. "నిండుకున్నాయంటే అయిపోయాయని నాయనా. మీ ఇంట్లో ఎవరూ అనరా?"

మేనేజరుకు కాఫీపొడి గుర్తొచ్చింది. సిలిండర్ల బండి గుర్తొచ్చింది. నలభై మంది గుర్తొచ్చారు.

"నీళ్ళు లేవండీ," అన్నాడు చివరికి. "గ్యాసు లేదు. భోజనం కూడా లేదు. తప్పు వీళ్ళది కాదు, నాది."

మోటారు మనిషి అప్పటికే పరుగెత్తాడు. పెద్ద వంటావిడ ఎవరూ చెప్పకుండానే డాక్టర్లకు పళ్ళూ రొట్టెలూ కోయించింది. రిసెప్షనిస్టు తాగేనీళ్ళ సీసాలతో పెద్దావిడ తల కడిగింది. అంతా చక్కబడ్డాక ఆ పెద్దావిడ సోఫాలో కూర్చుని సంచిలోంచి హెడ్డాఫీసు కాగితాలు తీసింది. నిన్న సాయంత్రమే మామూలు అతిథిలా దిగిన తనిఖీ అధికారిణి ఆవిడేనని అప్పుడు తెలిసింది.

ఆవిడ బోర్డును రెండుసార్లు చదివి, ఒకే ఒక్క వాక్యం రాసి, కాగితం మడిచి మేనేజరు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆయన విప్పి పైకి చదివాడు. "ఈ మేనేజరులో నాయకత్వ లక్షణాలు నిండుకున్నాయి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన కాగితాన్ని పెద్ద వంటావిడ వైపు తిప్పాడు. "అమ్మా, ఇది మెచ్చుకోలే కదా?"

ఆవిడ ఒకసారి కాగితం వైపు, ఒకసారి గోడ మీది బోర్డు వైపు చూసింది.

"ఆ మాట మేం అనకూడదు కదా బాబూ."