జైరాం కాలి మీద శిలాఫలకం

కార్మికుల భద్రతా భవనానికి రాష్ట్రంల ఎక్కడా లేనంత పెద్ద శిలాఫలకం పెడుతున్నట్టు మంత్రిగారు ప్రకటించిన్రు. భవనం చిన్నదే, ప్రొటోకాల్ పెద్దది. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా పదవి ఉన్నోళ్ల పేర్లన్నీ ఎక్కాలె. ఈ ముచ్చటల ఒక్క అక్షరం అబద్ధమైతే నా మీసం గొరిగించుకుంట.

ఆ పుణ్యకార్యం గ్రానైట్ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ కోటేష్ మీద పడ్డది. పేర్లు పెరిగినకొద్దీ రాయి పెరిగింది. ఇనుప స్టాండు మాత్రం పాతదే.

"అన్నా, స్టాండు ఒంగుతున్నది" అన్నడు పాలిష్ పట్టే జైరాం.

"నువ్వు అక్షరాలు తుడువ్‌రా" అన్నడు కోటేష్.

ప్రారంభం నాడు పొద్దుగాల ఫ్యాక్టరీలనే ఫలకం స్టాండు మీదికెళ్లి జారి జైరాం కాలి మీద పడ్డది. కోటేష్‌కు పానం పోయినంత పనైంది. ఉరికిపోయి, వంగి చూసి, "హమ్మయ్య! మంత్రిగారి పేరుకు గీత పడలే" అన్నడు.

పదిమంది పట్టినా రాయి లేవలే. ఫ్యాక్టరీకున్న ఒక్క క్రేన్ సభ కాడ మంత్రిగారి కటౌట్ నిలబెడుతున్నది. గడ్డపార వేస్తే పాలిష్ పోతది. స్లాబులు కడిగే గోరి, జైరాం పెండ్లాం, మొత్తుకుంట వచ్చింది.

"పగలగొట్టున్రి సారూ! సుత్తి లేదా?"

"సుత్తి ఉన్నది చెల్లె. పర్మిషన్ లేదు."

కోటేష్ మంత్రిగారి పీఏ గోపాలుకు ఫోన్ కొట్టిండు.

"ఏ దిక్కు పగలగొడ్తవ్?" అన్నడు పీఏ.

"ఎడమ దిక్కు సార్. ఆడ చైర్మన్ గారి పేరున్నది."

"మొన్ననే మన పార్టీలకు వచ్చిండయ్యా! సుత్తి పడితే మళ్ల పోతడు. కుడి దిక్కు?"

"మంత్రిగారి బామ్మర్ది."

"సార్‌కు ఇంట్ల అన్నం పుట్టదు. సార్ గుళ్లె దర్శనంల ఉన్నరు, అడిగి చెప్త. అందాక ఆ మనిషిని కదలొద్దను."

"కదల్లేడు సార్."

"గుడ్. డిసిప్లిన్ ఉన్నోడు."

జైరాం పండ్లు బిగబట్టి అడిగిండు, "అన్నా, నా కాలి మీద ఎవరి పేరున్నది?"

కోటేష్ వంగి చదివిండు, "కార్మిక సోదరులకు అంకితం."

ఇగ గోరి ఆగలే. సుత్తి అందుకొని ఒక్కటే దెబ్బ! చైర్మన్ ఒక దిక్కు, బామ్మర్ది ఒక దిక్కు, నడుమ మంత్రిగారు రెండు ముక్కలు. జైరాంను ఆటోల దవాఖానాకు తోలిన్రు. కాలు దక్కింది.

ఆగున్రి, చప్పట్లు కొట్టకున్రి. గొరిగేటందుకు నాకు మీసం లేదు.

గోరి సుత్తి పట్టింది నిజమే. కోటేష్ గుంజుకున్నడు. కటౌట్ నిలబెట్టినంకనే క్రేన్ వచ్చింది. ఫలకం గీత పడకుండ ముహూర్తానికి అందింది. రాయి పగిలిందన్నది, కాలు దక్కిందన్నది, ఆ రెండే నేను కల్పించిన.