రెప్ప వేయని ఉద్యోగికి లీవు

కంప్యూటరు ముందర కూర్చునేవాళ్ళ కండ్లను కాపాడే బాధ్యత ఇకమీదట ఆ కండ్లున్నవాళ్ళది కాదని 'కార్యాలయ నేత్ర సంరక్షణ మండలి' తీర్మానం చేసేసింది. (ఇంత పెద్ద బాధ్యత మోసే తాహతు వాళ్ళకు లేదని మండలి అభిప్రాయం.) ఆ తీర్మానం తిరుత్తణిలో ఒక చిన్న ఆఫీసుకు యాప్ రూపంలో దిగింది. కంప్యూటరు నెత్తిన ఉండే కెమెరా రెప్పపాట్లను లెక్కబెడుతుంది. రెప్పపాటు తగ్గి, తేమ కనబడకపోతే కన్ను ఎండినట్టు. కన్ను ఎండిందని మిషను ఒప్పుకుంటేనే లీవు.

టైపిస్టు విద్యాలక్ష్మికి రెండు కండ్లలోనూ మిరపపొడి చల్లినట్టు మంట. తిరువళ్ళూరులో కంటి డాక్టరు దగ్గరికి పోయేదానికి ఒక్క దినం లీవు కావల్ల. సూపరింటెండెంటు వీరరాఘవను అడిగింది.

"మండతా ఉందని నువ్వు చెప్తే ఎట్లమ్మా? మిషను చెప్పల్ల."

"మండేది నా కన్ను గదా సార్?"

"నీ కన్నే. అంటే నువ్వు దానికి సొంత మనిషివి. సొంత మనుషుల సాక్ష్యం చెల్లదు."

సరేనని విద్యాలక్ష్మి పనికి కూర్చునింది. ఆమె వెనక గోడకు ఒక దిష్టి బొమ్మ ఉండాది. కొత్త కంప్యూటర్లు దిగిన దినమే, పక్క ఆఫీసోళ్ళ కండ్లు పడతాయని వీరరాఘవే ఆర్.కె.పేట అంగట్లో కొనుక్కొచ్చి తగిలించినాడు. పళ్ళేలంత గుడ్లు, కోర మీసం. కాగితాల మీదికి వంచిన తల ఆమె ఎత్తనే లేదు, కెమెరాకు ఎప్పుడూ ఆ గుడ్లే దొరికినాయి.

వారం తిరక్కుండానే మండలి నించి ఎర్రక్షరాల రిపోర్టు వచ్చింది: "ఈ సీటు ఉద్యోగి ఇంతవరకు ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు. ఇంత అంకితభావం మండలి ఎరగదు. పరిస్థితి విషమం. తక్షణం లీవు."

విద్యాలక్ష్మి ఎగిరి గంతేసింది. బ్యాగు సర్దుకునే లోపల మండలి తనిఖీదారు పచ్చయ్యప్ప ఫైలుతో దిగినాడు. ఫైల్లో కెమెరా తీసిన ఫోటో చూసినాడు, ఆమెను చూసినాడు, గోడను చూసినాడు.

"ఫోటోలో మీసం ఉండాది. నీకు లేదే?"

"సార్, అది దిష్టి బొమ్మ!"

"ఉండనీమ్మా. ఫోటోలో ఎవరుంటే లీవు వాళ్ళకే. మొహం మార్చేదానికి నాకు పవరు లేదు."

"అయితే నాకూ ఒకటి ఇప్పించండి."

"ఒకే సీట్లో ఇద్దరూ ఒకేసారి లీవు పోతే ఆఫీసు ఏమి కావల్ల?" అని వీరరాఘవ నిజంగానే బాధపడినాడు.

బొమ్మను మర్యాదగా దించినారు. రెస్టు రూములో ఫ్యాను కింద పండబెట్టి, గుడ్ల మీద తడిగుడ్డ వేసినారు. కంటి చుక్కలు పూటపూటా వేసే డ్యూటీ అటెండరు పెరుమాళ్‌కు పడింది. ("కదలకుండా వేయించుకుంటాడు, బంగారు మనిషి" అని పెరుమాళ్ అందరికీ చెప్పినాడు.) పరామర్శకు వచ్చిన పక్క ఆఫీసోళ్ళు బత్తాయిలు తెచ్చినారు. రోగి తరఫున వీరరాఘవ తిన్నాడు.

రోగి కోలుకునేదాకా ఆయన పని కూడా విద్యాలక్ష్మే చూడల్లని ఆర్డరు వచ్చింది.

"ఆయన పని ఏంది సార్?"

"రెప్ప వేయకుండా చూడడం," అన్నాడు పచ్చయ్యప్ప.

ఆమె తలెత్తి కంప్యూటరు వైపే చూసింది. మధ్యాహ్నానికి కండ్లలో నించి నీళ్ళు ధార కట్టినాయి. వెనక గోడ ఖాళీ అయింది గదా, కెమెరాకు మొట్టమొదటిసారి ఆమె మొహం కనబడింది. స్క్రీను మీద పచ్చక్షరాలు వెలిగినాయి:

"మీ కంట్లో తేమ సంతృప్తికరంగా ఉంది. పని కొనసాగించండి."