ముప్పై ఏడున్నర నిమిషాల టీ

ఆ ఉదయం ఫిట్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. బాయిలరు మాస్టారికి అది ఆఖరి డ్యూటీ రోజు. తొమ్మిది నుంచి పది దాకా వీడ్కోలు సభ పెట్టుకోమని మేనేజరు అనుమతి ఇచ్చాడు గానీ ఒక మెలిక పెట్టాడు: "కంపెనీ కరెంటు ఒక్క యూనిట్ కూడా వాడకూడదు." ముప్పై ఐదేళ్లు కంపెనీకి ఆవిరి పుట్టించిన మనిషికి గుక్కెడు టీ కాచడానికి కరెంటు లేదట! ఫిట్టరుకు ఒళ్లు మండింది. పాత సైకిలును స్టాండుకు బిగించి, వెనక చక్రానికి పాత లారీ డైనమో కలిపి, దాని తీగలు నీళ్ల డబ్బాలోని హీటరుకు తగిలించాడు. వేడి పోకుండా డబ్బాకు గోనెపట్టా చుట్టాడు. కాళ్లతోనే కాస్తాం టీ, ఏం చేసుకుంటారో చేసుకోండి!

మాస్టారు ఒకప్పుడు బాయిలరు వెనక గదిలో కార్మికులకు సాయంత్రం బడి నడిపేవాడు. బొగ్గుపొడి నేల, ఇనప తలుపే నల్లబల్ల. ఏడో తరగతి తప్పిన ఫిట్టరు చేత నీళ్ల బకెట్టు పట్టించి మెట్లెక్కించేవాడు. "నెమ్మదిగా ఎక్కినా, పరిగెత్తి ఎక్కినా బకెట్టును పైకి చేర్చే శక్తి ఒక్కటేరా. దాన్ని జౌళ్లలో కొలుస్తాం. ఎంత తొందరగా ఖర్చుపెట్టావో అది సామర్థ్యం. సెకనుకు ఒక జౌలు అయితే ఒక వాటు. అర్థమైందా, ఇంకోసారి ఎక్కుతావా?" అర్థమైనవాళ్లు కూడా సరదాకి ఇంకోసారి ఎక్కేవాళ్లు. ఇళ్లకు వెళ్లేటప్పుడు అరచేతుల్లో సుద్ద, ముక్కుల్లో బొగ్గు. ఆ వాసన ఫిట్టరును ఇప్పటికీ వదల్లేదు. పదకొండేళ్ల కిందట, పాత ఫైళ్లు పెట్టుకోవాలని ఆ గదికి తాళం వేశారు. కార్మికుడికి లెక్కలొస్తే ఎవరికి నష్టమో వేరే చెప్పాలా?

ఆ బడి వృథా కాలేదని మాస్టారు కళ్లారా చూసి మరీ వెళ్లాలి. అదీ ఫిట్టరు పంతం. గోడ మీద సుద్దతో లెక్క రాశాడు. మూడు లీటర్ల నీళ్లు, డెబ్బై ఐదు డిగ్రీలు పెరగాలి, అంటే రెండు లక్షల ఇరవై ఐదు వేల కేలరీలు. మనిషి తొక్కితే వంద వాట్లు. భాగిస్తే రెండువేల రెండువందల యాభై సెకన్లు. ముప్పై ఏడున్నర నిమిషాలు!

తొమ్మిదింపావుకు మొదలెట్టారు. కుర్చీలో కూర్చున్న మాస్టారు గోడవైపు చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఏదో అనబోయి, చుట్టూ చేరినవాళ్లను చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. మనిషికి ఐదు నిమిషాల వంతున తొక్కారు. సరిగ్గా ముప్పై ఏడున్నర నిమిషాలకు ఫిట్టరు ధీమాగా మూత తీశాడు.

"ఏమయ్యా, కాగాయా?" అంది ప్యాకింగ్ అక్క.

"కాగుతున్నాయక్కా."

ఆవిడ డబ్బా మీద చెయ్యి పెట్టి చూసింది. "పసిపిల్లకి స్నానం చేయించొచ్చు."

"తొక్కేవాళ్లు సరిగ్గా తొక్కట్లేదు! గట్టిగా తొక్కండ్రా!"

పది దాటింది. మాస్టారు టీ తాగకుండా ఎవరు కదులుతారు? పక్క షెడ్డువాళ్లు వచ్చి వరసలో చేరారు.

"దేనికన్నా ఈ లైను?"

"ఏమోరా. మనవాళ్లేగా, నిలబడు."

మేనేజరు పైఅంతస్తు కిటికీలోంచి చూశాడు. వందమంది వరస. మధ్యలో ఎక్కడికీ వెళ్లని సైకిలును ఒకడు కసిగా తొక్కుతున్నాడు. ఇలాంటి సమ్మె అతను ఎప్పుడూ చూడలేదు. గుమాస్తాను పరిగెత్తించాడు.

"అసలు మీకేం కావాలండీ?" అని గుమాస్తా అడిగాడు.

అప్పుడు తొక్కుతున్నది ఫిట్టరే. "ఇంకా... వేడి... పెరగాలి!" అన్నాడు రొప్పుతూ.

ఆ మాట వినగానే మేనేజరుకు చెమటలు పట్టాయి. గుమాస్తా ఈసారి తెల్లకాగితంతో తిరిగొచ్చాడు. "కోరికలు రాసివ్వమన్నారు."

"కోరికలేంటండీ, మేం టీ..." అనబోయిన ఫిట్టరును ప్యాకింగ్ అక్క మోచేత్తో పొడిచింది. "పిలిచి అడుగుతుంటే వద్దంటావేంట్రా, మొద్దూ!" కాగితం లాక్కుని ఒకే ఒక్క వాక్యం రాసింది: బాయిలరు వెనక గది తాళం తియ్యాలి.

పదకొండున్నరకు మేనేజరే తాళంచెవి పట్టుకుని దిగొచ్చాడు. "ఇదిగో, తీసుకోండి. ఇక సైకిలు దిగు, బాబూ."

"దిగను సార్. ఇంకా అవలేదు," అన్నాడు తొక్కుతున్నవాడు.

"ఇంకా ఏంటయ్యా!" అని మేనేజరు ఆ కాగితం మీదే 'ప్రతిరోజూ సాయంత్రం' అని కలిపి సంతకం పెట్టేసి వెళ్లిపోయాడు.

పన్నెండు గంటల సైరన్‌తో పాటు నీళ్లు తెర్లాయి. మొదటి గ్లాసు మాస్టారికిస్తుంటే ఫిట్టరు కళ్లు తడిశాయి. "మీ పాఠమే మాస్టారూ. కాస్త ఆలస్యమైంది గానీ..."

"కాస్తా? సరిగ్గా రెండు గంటలు!" మాస్టారు గోడవైపు గ్లాసు చూపించాడు. "కేలరీలను తిన్నగా వాట్లతో భాగిస్తావట్రా, వెధవా? ఒక కేలరీ అంటే నాలుగు పాయింటు రెండు జౌళ్లు. ముందు జౌళ్లలోకి మార్చొద్దూ? పైన పట్టిన ఏడున్నర నిమిషాలూ డబ్బాలోంచి పోయిన వేడి."

"అయ్యో, పొద్దున్నే చూశారా! ఒక్క మాట అనొచ్చుగా!"

"అందామనే నోరు తెరిచాను. ఆ గది మూసినప్పటినుంచీ మీరంతా ఇలా ఒక్కచోట నిలబడ్డం నేను చూళ్లేదురా. ఇంకో రెండు గంటలు చూద్దామనిపించింది."

ఆ సాయంత్రం పదకొండేళ్ల తరవాత బడి తెరుచుకుంది. కాళ్లు పట్టేసి ఒక్క విద్యార్థీ రాలేదు.